టేపులో ఐలయ్య గొంతు

ఒక మాట చాలా ఏళ్లుగా నా కడుపులో ఉండిపోయింది. మా ఆవిడకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచి, గ్లాసెడు మంచినీళ్లు తాగి, వేరే సంగతి ఎత్తుకున్న రోజులు ఎన్నో. నేను ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరినీ కొట్టలేదు. ఒక అబద్ధం చెప్పాను, అంతే. ఆ అబద్ధాన్ని నమ్మి ఒక కొడుకు తన తల్లికి దినాలు చేశాడు. నాకు తెలిసినంతలో ఆమె అప్పటికి చనిపోలేదు. ఆ సంగతి తెలిసినవాడిని నేనొక్కడినే. తెలిసి ఊరుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. ముఖం తెలిసినవాళ్ల ముందు నా నోరు పెగలదు. ఊరూరా మైకులు కట్టి బతికినవాడికి నోరు పెగలకపోవడమేమిటని నవ్వొస్తే నవ్వుకోండి. నేనూ కొన్నిసార్లు నవ్వుకున్నాను.

మాది జనగామ పక్కన పల్లె. నాయినకు పొలం ఉండేది. నన్ను చదివించి నౌకరీలో చూడాలని ఆయన ఆశ. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో బడులు మూతపడ్డాయి. పొద్దంతా ఏం చేయాలో తోచక జనగామలో సభల చుట్టూ తిరిగేవాణ్ని. అందరూ ఉపన్యాసాలు వినేవాళ్లు. నేను మైకు సెట్టు వైపు చూసేవాణ్ని. మెల్లగా అన్న మాట ఇనుప గొట్టంలోంచి ఊరంతటికీ ఎలా వినిపిస్తుందన్నదే నాకు పట్టింది. బడులు మళ్లీ తెరిచారు. నేను వెళ్లలేదు. మైకు దుకాణంలో పనికి కుదిరాను, కొన్నేళ్లకు నాదే ఒక సెట్టు పెట్టుకున్నాను. నాయిన చాలాకాలం నాతో మాట్లాడలేదు. మాట్లాడినప్పుడల్లా "ఏం రా బూరలోడా" అనేవాడు. ఆయన కోపం పోయేసరికి ఊరందరికీ ఆ పేరే అలవాటైపోయింది.

ఇప్పుడు చెప్పబోయేది ఎనభైల మొదట్లో సంగతి. అప్పటికి నా దగ్గర ఒక టేపు రికార్డరు ఉండేది. బొంబాయిలో పని చేసే మా చిన్నాయిన కొడుకు తెచ్చి ఇచ్చాడు. దాని సొంత గొంతు ఒక గదికి సరిపోతుంది. దాన్ని గొంతు పెంచే మైకు మిషనుకు కలపాలని నాకు పట్టుదల. మొదట మైకు వైరు పెట్టే రంధ్రంలోనే పెట్టి చూశాను. పాట పగిలి, గచ్చు మీద రేకు లాగినట్టు వచ్చింది. టేపులోంచి వచ్చే చప్పుడు మైకులోంచి వచ్చేదానికంటే చాలా బలమైనదని నాకెవరూ చెప్పలేదు. ఒక మిషను పాడు చేసుకున్నాక తెలిసింది. గ్రామఫోను కోసం మిషను వెనక వేరే రంధ్రం ఉంటుంది. చెవిలో పెట్టుకునే తీగ కోసం టేపుకు ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. ఈ రెండింటినీ కలిపే వైరు నా చేతులతో అతికి చేసుకున్నాను. టేపులో గొంతు తగ్గించి మిషనులో పెంచాలి. అలా చేస్తే పాట అచ్చంగా మనిషి పక్కన నిలబడి పాడినట్టు వచ్చేది. ఆ వైరు చూసుకొని ఎంత మిడిసిపడ్డానో! పెళ్లిళ్లకు పోతే దాన్ని జేబులోంచి తీసి, నలుగురూ చూస్తున్నారో లేదో చూసి, అప్పుడు గుచ్చేవాణ్ని.

ఆ ఏడు శివరాత్రి జాతరకు కాళేశ్వరంలో మైకు కట్టే పని నాకు వచ్చింది. ఇప్పుడు భూపాలపల్లి జిల్లా అంటున్నారు గానీ, అప్పుడు మాకు అది బస్సులు మారి మారి పోవలసిన అడవి దారి. గుడికీ గోదావరికీ నడుమ తడకల పాక వేసుకొని, పక్కన పొడుగాటి కర్ర పాతి, దాని తలకు హారన్లు కట్టాను. భక్తి పాటలు వేయాలి. తప్పిపోయినవాళ్లను పిలవాలి. ఈ రెండో పనే ఎక్కువ. గంగలో, అంటే గోదావరిలో, మునిగి లేచేసరికి పిల్లలు ఉండరు, పెద్దవాళ్లు ఉండరు. జాతరలో తప్పిపోయిన మనిషికి మైకు పాకే దిక్కు. ఈ సంగతి పల్లెల్లో అందరికీ తెలుసు. "తప్పిపోతే మైకు కాడికి రా" అని బయలుదేరేటప్పుడే చెప్పుకుంటారు. మైకు దగ్గర మనిషి ఉంటాడని నమ్మకం.

మధ్యాహ్నం అవుతుండగా ఒకాయన తడిబట్టలతో పాకలోకి వచ్చాడు. నాకంటే కొంచెం పెద్దవాడు. పేరు ఐలయ్య. మానుకోట పక్కన పల్లె. మహబూబాబాద్‌ను మా వైపు అలాగే అంటారు.

"అన్నా, మా అవ్వ తప్పిపోయింది. జర మైకుల పిలువుర్రి" అన్నాడు. "గంగల తానం జేయించి ఇసుకల కూసోవెట్టిన. నేను మునిగొచ్చేవరకు లేదు. కండ్లు సక్కగ కనవడయి ఆమెకు. చెవులు మాత్రం మంచిగ ఇనవడ్తయి."

ఆమె ఊరు దాటి రావడం అదే మొదటిసారి అట. ఏ బస్సెక్కాలో తెలియదు. జిల్లా పేరు చెప్పడం రాదు. చీర మార్చుకొని, తడిచీర ఇసుకలో ఆరేసి, కొంగులు ఎగిరిపోకుండా రాళ్లు పెట్టి మరీ ఎటో వెళ్లింది.

నేను పొద్దున్నుంచి అరిచి అరిచి ఉన్నాను. నా గొంతు బొంగురుపోయింది. పైగా ముసలివాళ్లను కొత్త గొంతుతో, పేరు పెట్టి పిలిస్తే వాళ్లు పట్టించుకోరు. ఇంకెవరినో అనుకుంటారు. ఫలానావాడి అవ్వ అంటేనే తల తిప్పుతారు. అప్పుడే నాకు ఆ ఆలోచన తట్టింది. ఐలయ్య గొంతునే టేపులోకి ఎక్కించి మళ్లీ మళ్లీ వినిపిస్తే? చూపు లేని తల్లి కొడుకు గొంతు పట్టుకొని వచ్చేయదా? ఆ ఆలోచన మంచిదే. ఇప్పటికీ నేను దాన్ని తప్పు పట్టను. నా తప్పు దాని తరువాత మొదలైంది.

టేపు పెట్టి అతన్ని మాట్లాడమన్నాను. మొదట మైకును చూసి బిగుసుకుపోయాడు. "మీ అవ్వ ముంగట నిలవడ్డదనుకొని మాట్లాడు" అన్నాను. కళ్లు మూసుకొని చెప్పాడు.

"అవ్వా, నేను ఐలయ్యను. భయపడకు. మైకు కాడికి రా. నేను ఈడనే ఉన్న."

అదే మాట మళ్లీ మళ్లీ చెప్పించాను. టేపు ఒక పక్క చాలామటుకు నిండేదాకా చెప్పించాను. చెప్పేకొద్దీ అతని గొంతు మారుతూ వచ్చింది. మొదట పిలిచినట్టు, తరువాత బతిమాలినట్టు, చివరికి వచ్చేసరికి చిన్నపిల్లవాడిలా. తరువాత నా వైరు తీసి టేపును మిషనుకు కలిపాను. గొంతు కర్ర మీదనుంచి గోదావరి దాకా పోయింది. ఐలయ్య తలెత్తి తన గొంతు తనే విని ఏడ్చాడు.

"నువ్వు పోయి ఒడ్డు పొంటి దేవులాడు. నేను ఈడనుంచి కదల. అవ్వ రాంగనే కూసోవెడ్త" అన్నాను.

అతను నా రెండు చేతులూ పట్టుకొని, ఒడ్డు వెంట వెతకడానికి వెళ్లిపోయాడు.

నేను కాసేపు కూర్చున్నాను. చేయడానికి ఏమీ లేదు. టేపు తిరుగుతోంది, ఐలయ్య పిలుస్తున్నాడు. నా వైరు నా బదులు పని చేస్తోంది. జాతర మొదలైనప్పటినుంచి నేను ఆ పాక వదల్లేదు. జనగామ వాణ్ని. బావిలో బొక్కెన వేసి, అది అడుగు తగిలిన చప్పుడు వింటూ పెరిగినవాణ్ని. రెండు నదులు కలిసే చోటికి వచ్చి, జనం తలకాయలు తప్ప ఏమీ చూడలేదు. పడవలు పోతున్నాయి. టేపు అయిపోయేలోగా ఒక చుట్టు తిరిగి రావచ్చనిపించింది. ఎవరో పిలిచింది లేదు, ఏ అవసరమూ లేదు. నీళ్లు చూడాలనిపించింది. వెళ్లాను.

పడవలో కూర్చొని నీళ్లలో చెయ్యి పెట్టాను. చల్లగా ఉన్నాయి. ఒడ్డు దూరమైనా ఐలయ్య గొంతు నీళ్ల మీదుగా స్పష్టంగా వినిపిస్తూనే ఉంది. పక్కన కూర్చున్నాయన "ఎంత మంచిగ ఇనవడ్తున్నది" అన్నాడు. నేనే ఆ మైకు కట్టానని చెప్పాను. ఆయనకు ఆ వైరు సంగతి కూడా చెప్పాను. అవును, అక్కడ కూడా! తిరిగి వస్తుంటే పడవ ఇసుక మేట ఎక్కి ఆగింది. పడవవాడు గెడతో తోస్తున్నాడు. అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వుతున్నాను. అంతలో ఒడ్డు మీద గొంతు ఆగిపోయింది.

టేపు అయిపోయింది.

దిగి నడవచ్చు. మోకాటి లోతు కూడా లేదు. ఈ ఒక్క విషయం నన్ను చాలా తిన్నది. పడవ ఇరుక్కుపోయింది, నేనేం చేయను అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఇద్దరు ముగ్గురు దిగి నడిచి పోవడం నేను చూశాను. నా కాళ్లకు కొత్త ప్యాంటు ఉంది. అది తడుస్తుందని దిగలేదు. ఇంకేదైనా పెద్ద కారణం దొరుకుతుందా అని వెతికాను. దొరకలేదు.

పాక దగ్గరికి వచ్చేసరికి, పక్కన గెనుసుగడ్డలు అమ్మే ఆమె ఖాళీ గంప ఎత్తుకొని పోబోతోంది. మహదేవపూర్ వైపు మనిషి. నన్ను చూసి ఆగింది.

"యాడికి వోయినవ్ పిలగా? గా ముసలవ్వ వచ్చి ఎంతసేపు నిలవడ్డదో! కర్రను పట్టుకొని నిలవడ్డది. పైనుంచి కొడుకు పిలుస్తుంటే కింద ఈమె 'వచ్చిన బిడ్డా, ఈడనే ఉన్న, నువ్వేడున్నవ్' అని జవాబు చెప్పవట్టింది. పాకల చెయ్యి పెట్టి తడిమింది. ఎవ్వలు లేరు. పిలుపు బందయినంక పరేషానయింది. 'లేటయిందని కోపమొచ్చి పోయిండు' అనుకుంట బస్సుల దిక్కు నడిచింది. కూసో అవ్వా అన్న, ఇనలే. నా బ్యారం ఇడిసి నేనెట్ల పోదును?"

అని ఆమె తన దారిన పోయింది. నేను నిలబడిపోయాను. బస్సుల వైపు పరుగెత్తాలి. గుడ్డివాడికైనా తెలిసే సంగతి అది. పరుగెత్తలేదు. ఐలయ్య ఇప్పుడు వస్తే పాక ఖాళీగా ఉంటుంది, నేను కదిలిన సంగతి తెలిసిపోతుంది. నా తలలో ఉన్నది అదొక్కటే. పాకలోకి పోయి టేపు వెనక్కి తిప్పి మళ్లీ వేశాను.

"అవ్వా, నేను ఐలయ్యను. నేను ఈడనే ఉన్న."

అప్పటికి ఆమె ఎంత దూరం పోయి ఉంటుంది? ఆ పిలుపు ఆమె చెవిన పడిందా? పడకుండా ఉండదు, ఆమె చెవులు మంచివని కొడుకే చెప్పాడు. మరి ఎందుకు తిరిగి రాలేదు? ఒకసారి వచ్చి చూసింది కదా. పిలిచిన చోట కొడుకు లేడు. రెండోసారి పిలిస్తే ఎవరైనా ఎందుకు నమ్ముతారు? ఆమె ఏమనుకొని ఉంటుందో నేను ఎన్ని రకాలుగా ఊహించుకున్నానో చెప్పలేను. కొడుకు వదిలేసి పోయాడనుకుందా? ఊరికి పోయి ఉంటాడు, తను కూడా పోదామనుకుందా? ఏది అనుకున్నా ఆమె తప్పు కాదు.

పొద్దుగూకే వేళకు ఐలయ్య వచ్చాడు. ఆరేసిన చీర మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"రాలేదా అన్నా?"

"రాలే."

"నడుమ జరసేపు బందయింది గదా?"

"బ్యాటరీ మార్చిన."

చూశారా, రెండో అబద్ధం ఎంత తేలికగా వచ్చిందో. మొదటిదానికి నా గుండె దడదడలాడింది. రెండోదానికి ఏమీ కాలేదు. అప్పుడు కూడా సమయం మించిపోలేదు. నిజం చెబితే ఏం చేసేవాడు? తిట్టేవాడు. నాలుగు దెబ్బలు వేసేవాడేమో. ఆ తరువాత నన్ను కూడా లాక్కొని బస్సుల దగ్గరికి పరుగెత్తేవాడు. మహదేవపూర్ దాకా పోయి ప్రతి అరుగూ వెతికేవాడు. చూపులేని ముసలామె, ఒక్కతే, ఎంత దూరం పోగలదు? దొరికేది. దొరికేదని నాకు అప్పుడే తెలుసు.

జాతర అయిపోయింది. సామాను సర్దుకొని జనగామ వచ్చాను. ఆ వారం ఒక పెళ్లి ఉంటే ఐలయ్య గొంతు ఉన్న టేపు మీద పాటలు ఎక్కించాను. టేపులు తక్కువగా ఉండేవి, అందుకే ఎక్కించానని అప్పుడు అనుకున్నాను. నిజమే, తక్కువగానే ఉండేవి.

కొన్ని వారాల తరువాత ఐలయ్య నా దుకాణానికి వచ్చాడు. గడ్డం పెరిగింది, మనిషి సగమయ్యాడు. వెంట వాళ్ల కులపెద్ద. తెల్లటి మీసాలు, చేతికర్ర. వాళ్లలో ఒక పద్ధతి ఉంది. శవం దొరకని మనిషికి దినాలు చేయాలంటే, ఆఖరున ఆ మనిషి కోసం ఎదురుచూసినవాణ్ని అడగాలి. వాడు తన నోటితో చెప్పాలి. వాళ్లు ఠాణాలో చెప్పారు, ఒడ్డంతా వెతికారు, పడవలవాళ్లను అడిగారు. ఊళ్లో సగం మంది గంగలో కొట్టుకుపోయిందన్నారు. ఆరేసిన చీర చూసి సగం మంది బతికే ఉందన్నారు. తేల్చుకోవడానికి నా దగ్గరికి వచ్చారు.

వాళ్లకు చాయ్ తెప్పించాను. ఐలయ్య ముట్టలేదు. ఆ తరువాత అనుకున్న మాటలు నాకు పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"సూడు బిడ్డా" అన్నాడు పెద్దాయన. "ఇగ నీ మాట మీదనే ఉన్నది. అవ్వ మైకు కాడికి వచ్చిందా, రాలేదా? వచ్చిందంటే ఇల్లమ్ముకోనన్న దేవులాడుతం. రాలేదంటే గంగల గలిసిందనుకొని దినాలు చేసుకుంటం. ఆలోచన జేసి చెప్పు."

"రాలే పెద్దయ్యా."

"నువ్వు ఆడనే ఉన్నవా?"

"ఆడనే ఉన్న."

"యాడికి కదల్లే?"

"కదల్లే."

పెద్దాయన తలూపాడు. అప్పటిదాకా కింద చూస్తున్న ఐలయ్య తలెత్తాడు.

"అన్నా, నా గొంతు మంచిగ ఇనవడ్డదా?"

"మంచిగ ఇనవడ్డది" అన్నాను. అదొక్కటే ఆ రోజు నేను చెప్పిన నిజం.

"అయితే మా అవ్వ లేదు" అన్నాడు ఐలయ్య, పెద్దాయన వైపు తిరిగి. "ఉంటే వచ్చేది. నా గొంతు ఇంటే రాకుంట ఉండది మా అవ్వ."

వాళ్లు లేచారు. పెద్దాయన వెళ్తూ నా భుజం తట్టాడు. ఆ మంచి మనిషి చెయ్యి నా భుజం మీద పడ్డప్పుడు నోరు తెరవాలనిపించింది. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా అనిపిస్తూనే ఉంది. మలుపు తిరిగిపోయారు. నేను చాయ్ గ్లాసులు తీసి కడిగాను.

ఆమెను నీళ్లలో ముంచింది గోదావరి కాదు. ఆ రోజు, ఆ దుకాణంలో, నేను ముంచాను. ఆ మాట మీద వాళ్లు వెతకడం ఆపేశారు. నేను చెప్పకపోయినా ఆమె దొరికేది కాదేమో అని కూడా వాదించుకున్నాను. వాదనలకేం, ఎన్నైనా చేసుకోవచ్చు. వెతికేవాళ్లు ఉన్న మనిషి వేరు, వెతికేవాళ్లు లేని మనిషి వేరు.

మరి నువ్వైనా వెతికావా అని మీరు అడగవచ్చు. ఒకసారి వెళ్లాను. పరకాల దగ్గర పెళ్లి పని ఉందని ఇంట్లో చెప్పి, కాళేశ్వరం పోయాను. బస్సులు ఆగే చోట హోటలువాణ్ని అడిగాను. జాతర నాడు టికెట్టు లేదని ఒక ముసలామెను మహదేవపూర్‌లో దింపేశారని ఎవరో అనుకోగా విన్నానన్నాడు. మహదేవపూర్ వెళ్లాను. బస్సు దిగి ఒకే ఒక దుకాణంలో అడిగాను. తెలియదన్నారు. ఇంకా చాలా ఇళ్లు ఉన్నాయి, అరుగులు ఉన్నాయి, చుట్టూ పల్లెలు ఉన్నాయి. నేను తిరుగు బస్సు ఎక్కాను. దొరకదేమో అన్న భయం నాకు లేదు. దొరికితే ఏం చేయాలన్న భయం. ఆమెను చెయ్యి పట్టుకొని ఐలయ్య ఇంటి ముందు నిలబెడితే, ఆయన మొదట అవ్వను చూస్తాడు, తరువాత నన్ను చూస్తాడు. ఆ రెండో చూపుకు భయపడి ఆమెను అక్కడే వదిలి వచ్చాను. ఆమె అక్కడ ఉండి ఉంటే, వదిలి వచ్చినట్టే కదా.

ఐలయ్య నన్ను మరిచిపోతాడనుకున్నాను. మరిచిపోలేదు. కొన్నేళ్లకు బిడ్డ పెళ్లి పెట్టుకొని, మానుకోటలో మైకులున్నా, నా కోసం జనగామ దాకా వచ్చాడు. రానని ఎలా అంటాను? వెళ్లాను. పందిట్లో చుట్టాలందరికీ నన్ను చూపించి, "మా అవ్వను పొద్దుందాక పిలిచింది ఈ అన్ననే" అని చెప్పాడు. నన్ను మగపెళ్లివారి పక్కన కూర్చోబెట్టి తన చేత్తో వడ్డించాడు. తిన్నాను. పప్పు కొసరి కొసరి వేశాడు, అది కూడా తిన్నాను. ఆ ఇంట్లో గోడకు ఆమె ఫోటో లేదు. ఎప్పుడూ తీయించలేదట. ఆమె ముఖం నాకు ఇప్పటికీ తెలియదు.

తినడం అయ్యాక పక్కన కూర్చొని, మెల్లగా అన్నాడు ఐలయ్య. "నాదే తప్పన్నా. జర చెయ్యి పట్టుకొని మునిగితే అయిపోయేది. ఒక్కదాన్నే కూసోవెట్టి పోయిన." అప్పటినుంచి ఆయన ఏ నీళ్లలోనూ దిగలేదని భార్య చెప్పింది. చెరువులో కూడా దిగడట. ఆ తప్పు నీది కాదు ఐలయ్యా, మీ అవ్వ గంగలో పోలేదు, అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన పక్కనే ఉన్నాడు. డప్పులు ఆగి ఉన్నాయి. "ఊకో అన్నా" అన్నాను. ఆయన బరువు ఆయనకే ఉంచి వచ్చాను. దాంట్లో సగానికి పైగా నాది.

తరువాత చాలా మారాయి. నేను మైకు పని మానేశాను. మా అబ్బాయి ఇప్పుడు ల్యాప్‌టాప్‌కు ఒక తీగ గుచ్చి ఫంక్షన్ హాలంతా మోగిస్తాడు, నాకు నేర్పాలని చూస్తాడు. నేను దాని జోలికి పోను. బాపుకు, అంటే నాకు, వయసైపోయిందనుకుంటాడు. అనుకోనీ.

పోయిన వానాకాలంలో ఐలయ్య చనిపోయాడని తెలిసింది. కబురు విన్నప్పుడు నాకు ఏమైందో దాచకుండా చెబుతాను. మొదట ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఇంక ఎవరూ అడగరు. ఆ హమ్మయ్య చూసి నాకే అసహ్యం వేసింది. ఇన్నేళ్లు ధైర్యం చాలక చెప్పలేదనుకున్నాను. ధైర్యం కోసం నేనెప్పుడూ ఎదురుచూడలేదు. వినవలసినవాడు పోయేదాకా ఎదురుచూశాను. ఆయన పోయిన తరువాత చెప్పడంలో ఏం గొప్ప ఉంది? లేదు. నాకు తెలుసు.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీకు లేదు, మీరు ఏమీ అనుకోవద్దు. అది ఉన్న ఇద్దరూ, ఆ తల్లీ ఆ కొడుకూ, ఇప్పుడు లేరు. ఉన్నప్పుడు నేను అడగలేదు. ఇది రాసినందువల్ల ఏ ఇంట్లోనూ ఏదీ మారదు. రాస్తుంటే మాత్రం గొంతులో ఇన్నేళ్లు అడ్డుపడి ఉన్నదేదో కొంచెం జరిగినట్టుంది. అంతవరకే.

ఆ రోజు దుకాణంలో పెద్దాయన ఆలోచించి చెప్పమన్నాడు. చాలా ఆలోచించాను పెద్దయ్యా. ఇప్పుడు చెబుతున్నాను. అవ్వ మైకు దగ్గరికి వచ్చింది. కొడుకు పిలిస్తే వచ్చింది. నేనే అక్కడ లేను.